తాబేలు కింద ఏముంది?

ఈమధ్య నా నవల ఒకదాన్ని సమీక్షిస్తూ ఒక విమర్శకులు, ఇందులోని తల్లి పాత్ర ఆ కుటుంబానికి "ఫౌండేషన్" వంటిదని రాశారు. మెచ్చుకోలే కదా అని సంబరపడి మా అమ్మాయికి చదివి వినిపించాను. "ఫౌండేషనా? ముఖానికి ముందుగా పూసుకుంటారే, అదా అమ్మా?" అంది. నవ్వేశాను గాని, ఆ మాట నన్ను వదల్లేదు. అన్నిటికన్నా ముందు పూసేది, పైన పౌడరు పడ్డాక ఎవరికీ కనిపించనిది. పిల్ల చెప్పినదాంట్లో తప్పేముంది?

ఉండబట్టలేక నిఘంటువులు ముందేసుకుని కూర్చున్నాను. "ఫౌండేషన్"కి మూలం లాటిన్‌లోని "ఫుండుస్". అంటే అడుగు. కూడబెట్టిన సొమ్ముని "ఫండ్" అన్నా, లోతైన ఆలోచనని "ప్రొఫౌండ్" అన్నా అంతా దాని సంతానమే. ఓడ మునిగి అడుక్కి పోతే దానికీ ఇంగ్లీషులో "ఫౌండర్" అనే అంటారు. ఇల్లు నిలబెట్టే మాటా, ఓడ ముంచే మాటా ఒక్క కడుపున పుట్టాయన్నమాట! సంస్కృతంలో "బుధ్నం" అన్నా అడుగే. ఉత్తరాభాద్ర నక్షత్రానికి అధిదేవత అయిన అహిర్బుధ్న్యుడి పేరులో ఉన్నది అదే. ఇక మన "పునాది" అచ్చతెలుగు అనుకుంటాం గాని, అది పారశీకపు "బునియాద్". విచిత్రం ఏమిటంటే ఇవన్నీ దూరపు దాయాదులే.

"సబ్‌స్ట్రేటమ్" అనే మాట మరీ మన ఇళ్ళలోది. కింద పరిచినది అని దాని అర్థం. మన "ఆస్తరణం", "విస్తరించడం" దానికి చుట్టాలు. రాళ్ళు పరిచిన బాట కనకనే వీధి "స్ట్రీట్" అయింది. రోజూ పక్కలు పరిచి మళ్ళీ ఎత్తే మనకి ఈ మాట ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

మూడోది "సబ్‌స్టెన్స్". కింద నిలబడినది. పునాది ఒకరు వేస్తారు, పక్క ఒకరు పరుస్తారు. ఇది మాత్రం తానే నిలబడుతుంది! ఆ విమర్శకులు నా పాత్రకి ఈ మాట వాడి ఉంటే ఎంత బాగుండేది అనుకున్నాను.

అయితే జాన్ లాక్ అనే ఇంగ్లీషు తత్త్వవేత్త, మనిషి తెలివిని గురించి 1690లో వెలువరించిన గ్రంథంలో సరిగ్గా ఈ మాటనే నిలదీశాడు. అందుకు మన దేశస్థుడి కథే ఒకటి చెప్పాడు. ఆ భారతీయుడు భూమిని పెద్ద ఏనుగు మోస్తోందన్నాడట. మరి ఏనుగుని? తాబేలు. తాబేలుని? ఏదో మోస్తోంది గాని, అదేమిటో తనకి తెలియదన్నాడట. "సబ్‌స్టెన్స్" కూడా అలాగే, తెలియనిదానికి మనం తగిలించుకున్న పేరేనని లాక్ ఎత్తిపొడుపు.

మన దిగ్గజాలూ, ఆదికూర్మమూ గుర్తొచ్చి నవ్వుకున్నాను. అంతలోనే నవ్వు ఆగిపోయింది. ఇల్లు ఎవరి మీద నిలబడింది? అమ్మ మీద. మరి అమ్మ దేనిమీద నిలబడింది? మూడువందల పేజీల నా నవలలో ఆ ప్రశ్న ఒక్కచోటా లేదు. ఆవిడ అందరికన్నా ముందు లేస్తుంది, అందరికన్నా వెనక తింటుంది. ఆవిడకి ఏ రాత్రి భయం వేసిందో, ఎవరితో చెప్పుకుందో, అసలు చెప్పుకునేందుకు ఎవరైనా ఉన్నారో లేదో నేను రాయలేదు. ఆవిణ్ణి పూడ్చిపెట్టింది నేను. విమర్శకులు ఆ చోటికి పేరు పెట్టారు, అంతే.

ఆ మాటకొస్తే మన కుటుంబ నవలల్లో చాలావాటికి ఉన్న జబ్బే ఇది. త్యాగమూర్తి అనో, ఇంటికి ఆధారమనో ఒక పెద్దమాట వేసి తల్లిని అడుక్కి దింపేస్తాం. హాయిగా పై అంతస్తుల కథ మొదలెడతాం. పొగడ్త కూడా ఒక్కోసారి మట్టి కప్పడమే సుమండీ!

ఈసారి రాసేటప్పుడు తాబేలు కిందకి కూడా ఒకసారి వంగి చూడాలనుకుంటున్నాను. నేను మరిచిపోతే, చదివే మీరైనా నన్ను అడగండి.