నూనె పెట్టకముందే చెప్పాలి

మర్దన చేయించుకునేటప్పుడు మాటలు వద్దనుకుంటే ఆ సంగతి నోటితోనే చెప్పాలి. అదీ ఒంటికి నూనె తగలకముందే. కళ్ళు మూసుకుని ముభావంగా పడుకోవడం, అడిగినదానికి ‘ఊఁ’ అని ఊరుకోవడం చెప్పడం కిందికి రాదు. మర్దన చేసే మనిషికి తన పని నచ్చలేదేమోనన్న బెంగ పట్టుకుంటుంది. ఆ బెంగతో ఆవిడ ఇంకో రెండు మాటలు కలుపుతుంది. మన విసుగు ఇంకాస్త పెరుగుతుంది.

విశాఖలో ఉన్నవాళ్ళకి ఈ కోరిక ఎందుకు పుడుతుందో వేరే చెప్పక్కర్లేదు. 1933లో ఓడరేవు తెరిచాక ఊరు దాని చుట్టూ అల్లుకుపోయింది. బొగ్గు వ్యాగన్లు, ఓడల కూతలు, నేవీ విమానాలు, గాజువాక రోడ్డు మీద లారీల హారన్లు. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. మెయిన్‌రోడ్డు పక్కన కాపురముండేవాళ్ళకి ఆ హద్దు అక్కరకు రావడం లేదు. స్టీల్‌ప్లాంటులో నైట్ షిఫ్టు దిగినవాళ్ళు పట్టపగలు కిటికీలు బిగించుకుని నిద్రకోసం తంటాలు పడతారు. ఇలాంటి ఊళ్ళో డబ్బిచ్చి ఒక గంట నిశ్శబ్దం కోరుకోవడం విలాసమని నేననుకోను.

కానీ మన అలవాటు ఇంకో రకం. మనకి నూనె ఎప్పుడూ మాటలతో కలిసే ఒంటికెక్కింది. నరకచతుర్దశి తెల్లవారుజామున మాడు మీద నూనె అద్దుతూ అమ్మ ఏదో ఒకటి చెబుతూనే ఉంటుంది. పసిబిడ్డను చాచిన కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నూనె రాసే పెద్దావిడ ఆ బిడ్డతో ఊసులాడకుండా ఉండలేదు. అందుకే మర్దన కేంద్రంలో అమ్మాయి ‘ఏ ఊరమ్మా, పిల్లలెంతమంది’ అని మొదలెడితే అది మర్యాదే. ఆ మర్యాదని నొప్పించకుండా పక్కన పెట్టడం ఎలాగన్నదే అసలు సంగతి.

క్రీస్తు పూర్వం అయిదో శతాబ్దంలో మాసిడోనియాను ఏలిన అర్కెలాస్ అనే రాజుని వాగుడుకాయ మంగలి ఒకడు ‘ఎలా కత్తిరించమంటారు’ అని అడిగితే, ‘మాట్లాడకుండా’ అన్నాడని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. చమత్కారంగానే ఉంది. కానీ అధికారం ఉన్నవాడి చమత్కారం అది. కత్తెర పట్టినవాడు ఎంత చిన్నబోయి ఉంటాడో ఆ కథ చెప్పదు. 2019లో ఉబర్ సంస్థ అమెరికాలో ఖరీదైన కార్లెక్కేవాళ్ళకి డ్రైవరు మాట్లాడకుండా ఉండేలా ముందే ఫోన్లో ఎంచుకునే ఏర్పాటు పెట్టింది. అక్కడ మొహమాటం తప్పిందేమో గానీ, ఒంటి మీద చెయ్యి వేసే మనిషితో అలా మీట నొక్కి తేల్చుకోవడం నాకు ఇష్టం లేదు.

కేరళ పద్ధతిలో అభ్యంగం చూస్తే మాటలు ఎందుకు అడ్డమో తెలుస్తుంది. చెక్క బల్లకి అటొకరు ఇటొకరు నిలబడతారు. ధన్వంతరమో క్షీరబలో, ఏదో ఒక తైలాన్ని వేడినీళ్ళ గిన్నెలో పెట్టి గోరువెచ్చన చేస్తారు. మణికట్టు మీద చుక్క వేసి వేడి చూసుకుంటారు. భుజం నుంచి వేళ్ళ దాకా నాలుగు చేతులూ ఒకే వేగంతో, ఒకే బరువుతో దిగాలి. కీళ్ళ దగ్గర గుండ్రంగా తిరగాలి, రెండు పక్కలా ఒక్కసారే. అవతలి మనిషి చేతిని ఓరకంట చూస్తూ లెక్క కుదుర్చుకుంటారు. మనం మధ్యలో కబుర్లు పెడితే ఒకరి చెయ్యి ఆగుతుంది, రెండోవారిది ముందుకెళ్తుంది. మన ఒంటికే తెలిసిపోతుంది.

నోరు మెదపకుండా పని నడపడం విశాఖకి కొత్త కాదు. రేవులో క్రేన్ నడిపేవాడికి కింద నిలబడ్డ సిగ్నల్‌మన్ మాట వినబడదు. చూపుడు వేలు పైకెత్తి గుండ్రంగా తిప్పితే బరువు లేపుతాడు, వేలు కిందికి చూపి తిప్పితే దించుతాడు. మర్దన బల్ల మీద కూడా అలాంటి ఒప్పందం ముందే చేసుకోవచ్చు. నేను చెప్పే మాటలివి: ‘అమ్మా, ఇవాళ మాట్లాడే ఓపిక లేదు, ఏమీ అనుకోకండి. మీ పని మీద నమ్మకంతోనే కళ్ళు మూసుకుంటున్నా. బరువు ఎక్కువైతే బల్ల మీద వేలితో కొడతా.’ ‘అలాగేనమ్మా, నూనె వేడెక్కువనిపిస్తే మాత్రం నోటితో చెప్పీండి’ అంటుంది ఆవిడ. ఆవిడ చెప్పింది సబబు. నొప్పి, మంట, కళ్ళు తిరగడం, ఇబ్బందిగా తోచిన స్పర్శ, వీటికి మౌనం వర్తించదు. ఇక ఫోను ఆపేసి సంచీలో పెట్టడం మన వంతు. ఆవిణ్ణి మాట్లాడొద్దని మనం ఫోనెత్తితే అంతకంటే అన్యాయం లేదు.

మర్దన కేంద్రాలవాళ్ళు వచ్చినవాళ్ళని బీపీ ఉందా, సుగర్ ఉందా, ఆపరేషన్లేమైనా అయ్యాయా అని అడుగుతారు. మాటలు కావాలా, నిశ్శబ్దం కావాలా అన్న ప్రశ్న కూడా అందులో చేరిస్తే సిగ్గరులకి ఎంతో మేలు. పొద్దున్నుంచి ఒకరి తర్వాత ఒకరికి అవే ఊసులు చెప్పి నోరెండిపోయిన అమ్మాయిలకి కూడా అదే ప్రశ్న వెయ్యాలి. ఇవాళ మాట్లాడలేనని వాళ్ళలో ఎవరైనా అంటే ఆ మాటకీ విలువుండాలి, జీతంలో కోతా మేనేజరు చేత చీవాట్లూ లేకుండా.