'ఏ భాషలో ఆలోచిస్తారు?': ఏర్పేడు నుంచి ఒక విమర్శ

రెండు భాషలు వచ్చినవాళ్లను 'మీరు ఏ భాషలో ఆలోచిస్తారు?' అని అడగటం మన విద్యావంతులకు అలవాటు. ఆలోచన ఒకే భాషలో సాగుతుందనీ, అది అమ్మ భాషేననీ, మిగతావన్నీ అరువు భాషలనీ ఈ ప్రశ్నే ముందుగా తేల్చేస్తుంది. ఇది అమాయకమైన ప్రశ్న కాదని మా వాదన. ఆ సంగతి తేల్చుకోవడానికి ఏర్పేడు సరైన చోటు.

శ్రీకాళహస్తికీ రేణిగుంటకీ మధ్య ఉన్న ఈ ప్రాంతంలో రెండు భాషలు రావడం గొప్ప కాదు, బతుకు అవసరం. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఇక్కడి సీమ ఉత్తర ఆర్కాటులో భాగం. 1960లో సరిహద్దులు సర్దినప్పుడు తిరుత్తణి మద్రాసు వైపు పోయింది, సత్యవేడు ఆంధ్ర వైపు వచ్చింది. గీత మారింది గానీ జనం నోళ్లు మారలేదు. ఎరుకల ఇళ్లలో మాట్లాడే భాష తమిళానికి దగ్గర చుట్టం. బయటికొస్తే వాళ్లది తెలుగు. మరి కూలికి పోయే ఎరుకల మనిషిని 'నువ్వు ఏ భాషలో ఆలోచిస్తావు?' అని ఎవరైనా అడిగారా? అడగరు. ఆయనకు ఆలోచన ఉందని ముందు ఒప్పుకుంటేనే కదా, అది ఏ భాషలో ఉందని అడిగేది! ఈ ప్రశ్నను చదువుకున్నవాళ్లకే అట్టిపెట్టారు. దీంట్లో కులం ఇక్కడే బయటపడుతుంది.

ఏర్పేడులో ఈ ప్రశ్నకు పనికొచ్చే పెద్ద ఉదాహరణ ఒకటుంది. 1885లో కేరళలో పుట్టి, నారాయణ గురు శిష్యపరంపరలో చదువుకున్న మలయాళ స్వామి 1926లో ఇక్కడ వ్యాసాశ్రమం పెట్టారు. 1962లో పోయేదాకా ఆయన బోధించిందీ, రాసిందీ ప్రధానంగా తెలుగులో. పేరులోనే మలయాళం ఉంది, చేతిలో సంస్కృత గ్రంథం ఉంది, ఎదురుగా తెలుగు జనం ఉన్నారు. ఆయన ఏ భాషలో ఆలోచించారు? అమ్మ భాషే ఆలోచనకు పునాది అనేవాళ్లు దీనికి జవాబు చెప్పలేరు. ఆయన గురువుల గురువు నారాయణ గురు కూడా మలయాళం, సంస్కృతం, తమిళం మూడింట్లోనూ రాశారు. వర్ణవ్యవస్థ గడప బయట నిలబెట్టిన కులాల మనుషులు ఒక్క భాషను పట్టుకుని కూర్చోలేదు. ఏ భాషలో వింటారో ఆ భాషలో మాట్లాడారు.

ఇంతవరకు గౌరవించాల్సిందే. స్త్రీలకూ శూద్రులకూ వేదాంతం చదివే అధికారం ఉందని 'శుష్కవేదాంత తమోభాస్కరము' లాంటి పుస్తకంతో వాదించడం ఆ రోజుల్లో చిన్న పని కాదు. కానీ 'అధికారం' అనే మాటను చూడండి. తలుపు తెరవమని అడిగినప్పుడు కూడా, లోపల ఉన్నదే జ్ఞానం అని ఒప్పుకున్నట్టే అయింది. బయట, వాడలో ఉన్నది కూడా జ్ఞానమేనా అన్న ప్రశ్న ఆ చర్చలోకి రాలేదు. తెలుగులో చెప్పినా ఆలోచన కొలతలు సంస్కృతానివే. కాబట్టి ఒక మనిషి నాలుక మీద ఏ భాష ఉందన్నది సగం సంగతి. ఆ ఆలోచన విలువను ఏ భాష నిర్ణయిస్తున్నదన్నది మిగతా సగం.

ఇప్పుడు అదే మండలంలో ఇంకో తలుపు లేచింది. 2015లో మొదలైన తిరుపతి ఐఐటీకీ, ఐసర్‌కీ శాశ్వత ప్రాంగణాలు ఏర్పేడు మండలంలోనే ఉన్నాయి. ఇక్కడి కొలత ఇంగ్లీషు. 2019 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం ఉత్తర్వులిచ్చినప్పుడు, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టేసినప్పుడు జరిగిన రభస గుర్తుంది కదా. 'బిడ్డ ఆలోచించేది అమ్మ భాషలోనే' అని కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లలో ఎందరి పిల్లలు సర్కారు బడిలో తెలుగులో చదివారు? పోనీ, ఏ అమ్మ భాష? పాఠ్యపుస్తకాల తెలుగు ఉత్పత్తి కులాల పిల్లలకు ఇంగ్లీషంత పరాయిదేనని కంచ ఐలయ్య 1996లోనే రాశారు. అరుంధతివాడ పిల్ల 'వస్తాది, పోతాది' అంటే తప్పని దిద్దే బడి, అమ్మ భాష పేరు చెప్పుకునే హక్కు ఎప్పుడో పోగొట్టుకుంది.

అట్లాగని ఇంగ్లీషు వస్తే చాలు, విముక్తి దానంతట అదే వస్తుందని మేము అనడం లేదు. పరిశోధనలు ఏం చెబుతున్నాయో చూద్దాం. మాండరిన్ మాట్లాడేవాళ్లు కాలాన్ని నిలువుగా ఊహిస్తారని 2001లో బొరొడిట్‌స్కీ అనే పరిశోధకురాలు రాస్తే ప్రపంచమంతా ఎగబడి చదివింది. 2007 నాటికి వేరే పరిశోధకులు అదే పరీక్ష పెట్టి చూస్తే ఆ ఫలితం రాలేదు. 'ఆసియా వాళ్ల బుర్ర వాళ్ల భాషలో బందీ' అనే మాటను అంత సులభంగా నమ్మకూడదు. అదే 2001లో స్పెల్కీ, సివ్‌కిన్ రష్యన్-ఇంగ్లీషు రెండూ వచ్చిన విద్యార్థులకు కొత్త లెక్కలు నేర్పి చూశారు. ఖచ్చితమైన అంకెలు ఏ భాషలో నేర్పితే ఆ భాషలోనే త్వరగా తట్టాయి. ఉజ్జాయింపు లెక్కకు మాత్రం ఏ భాషైనా ఒకటే.

ఈ ఫలితాన్ని మా ప్రాంతపు చేను గట్టు మీద పెట్టి చూడండి. ఎక్కం బడి భాషలో వస్తుంది. చెనిక్కాయల కుప్పను ఒక్క చూపు చూసి ఎన్ని మూటలవుతాదో చెప్పే కూలి మనిషి ఉజ్జాయింపు ఏ బడి భాషకూ బాకీ లేదు. ఒకదానికి మార్కులున్నాయి, రెండోదానికి లేవు. లేనిది ఆలోచన కాదు, మార్కు.

సరిహద్దు దాటి తమిళనాడులోకి పోతే ఇదింకా తేటగా కనబడుతుంది. అక్కడ చాలామంది అరుంధతీయుల ఇంటి భాష తెలుగు. ఇక్కడ ప్రాచీన భాష అని పొగిడే తెలుగే అక్కడ పాకీ పనివాళ్ల మాటగా చిన్నచూపుకు గురవుతుంది. 2006 చట్టంతో బడిలో తమిళం తప్పనిసరి అయింది. భాషలో లోటు లేదు. అది మాట్లాడేవాళ్లు ఎక్కడ నిలబడి ఉన్నారన్నదే లెక్క.

అంబేద్కర్ 1920లో 'మూక్‌నాయక్'నూ, 1927లో 'బహిష్కృత భారత్'నూ మరాఠీలో నడిపారు. 1936లో 'కుల నిర్మూలన' ఇంగ్లీషులో అచ్చేశారు. తన జనాన్ని కూడగట్టడానికి ఒక భాష, దేశాన్ని నిలదీయడానికి ఇంకొకటి. ఏది అసలు, ఏది అరువు అని ఆయన లెక్కలు వేసుకుంటూ కూర్చోలేదు.

కాబట్టి టీచర్లకు మేము చెప్పేది ఇది. ఇంగ్లీషు నేర్పండి, పూర్తిగా నేర్పండి, బట్టీ పెట్టించొద్దు. పిల్ల అర్థం చేసుకునేటప్పుడు వాడ మాటలో అడిగితే, ఎరుకల మాటలో పక్కపిల్లతో చర్చిస్తే, నోరు మూయించొద్దు. కార్యకర్తలకు ఒక మాట: ఇంగ్లీషా, తెలుగా అని మనల్ని రెండు ముక్కలు చేసే చర్చలో వాళ్లు గీసిన బరిలో దిగొద్దు. రెండూ మనకు కావాలి, ఇంటి మాటతో సహా. విద్యార్థులు చెయ్యాల్సిన పని ఇంకా ఉంది. ఐఐటీ గోడకు ఈవల వాడల్లో ఎన్ని భాషలున్నాయో, ఏ పనికి ఏ భాష వాడుతున్నారో, ఎక్కడ నోరు మూసుకుంటున్నారో పోయి రాసుకు రండి. 'ఏ భాషలో ఆలోచిస్తారు' అనే ప్రశ్నకు జవాబు అప్పుడు చర్చిద్దాం.