తుంటి నొప్పికి పాదం దగ్గర పని

బల్ల మీద పెడితే అదేమంత చూడదగ్గ వస్తువు కాదు. తెల్లటి ప్లాస్టిక్ చిప్ప. పిక్క వెనకనుంచి దిగి, మడమను చుట్టి, అరికాలి కింద వేళ్ల దాకా సాగుతుంది. పైన ఒక వెల్‌క్రో పట్టీ. ఆసుపత్రి చీటీలో దాని పేరు ఏ.ఎఫ్.ఓ. (యాంకిల్ ఫుట్ ఆర్థోసిస్), వాడేవాళ్ల నోట ‘బ్రేస్’. నేను చెప్పబోయే బ్రేస్ మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎం.ఎస్.) ఉన్న ఒకావిడ కుడికాలికి తయారైంది. ఆవిడ డాక్టరు దగ్గరికి వెళ్లింది పాదం కోసం కాదు, తుంటి నొప్పి భరించలేక.

ఎం.ఎస్. కీళ్ల జబ్బు కాదు. శరీర రక్షణ వ్యవస్థే మెదడులోనూ వెన్నుపాములోనూ నరాల మీది మైలిన్ పొరను దెబ్బతీస్తుంది. దాంతో కండరానికి అందాల్సిన ఆదేశం మందగిస్తుంది, ఒక్కోసారి అందనే అందదు. ఆవిడకు అలా బలహీనపడింది కుడి పాదాన్ని పైకెత్తే కండరం. మామూలు నడకలో ముందుకు ఊగే కాలి వేళ్లకూ నేలకూ మధ్య ఖాళీ ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్లకు మించదు. పాదం కాస్త వేలాడితే చాలు, వేలు నేలకు తగులుతుంది. పడిపోకుండా శరీరం ఉపాయం వెతుక్కుంటుంది: ఆ వైపు నడుమును పైకి ఎగదీస్తుంది, కాలిని పక్కకు తిప్పి ముందుకు వేస్తుంది. నాలుగడుగులకైతే ఇబ్బంది లేదు. నెలల తరబడి అదే నడకైతే నడుము పక్క కండరాలూ తుంటి బయటివైపు స్నాయువులూ మొరాయిస్తాయి. ఒంటికాలి మీద నిలిచిన క్షణంలో ఆ కాలి తుంటి కీలు మీద శరీర బరువుకు రెండు రెట్లకు పైగా భారం పడుతుంది. కుడికాలు తిరిగి రావడం ఆలస్యమైన కొద్దీ ఆ భారాన్ని ఎడమ తుంటి ఎక్కువసేపు మోస్తుంది. ఆవిడకు ముందు నొప్పి మొదలైంది కూడా ఎడమవైపే, అందరూ ‘మంచి కాలు’ అనుకున్నవైపు.

ఎం.ఎస్. ఉన్నవాళ్ల తుంటి నొప్పంతా ఇలాంటిదే అనుకోకూడదు. జబ్బు తిరగబెట్టినప్పుడు ఎక్కువ మోతాదులో స్టెరాయిడ్లు ఇస్తారు. వాటివల్ల కొందరిలో తుంటి బంతికి రక్తం అందక ఎముక చచ్చుబడుతుంది. గజ్జల్లో లోతుగా నొప్పి వస్తుంటే ఎమ్మారై తీసి ఆ అనుమానం ముందే తీర్చుకోవాలి. ఈవిడ విషయంలో డాక్టరు ఆ పని చేశాకే బ్రేసులు తయారుచేసే ఆర్థోటిస్ట్ దగ్గరికి పంపారు.

ఆయన కొలతల టేపు తీయలేదు. నడవమన్నారు. మళ్లీ సాయంత్రం రమ్మన్నారు. నాకు ఆయన మీద గౌరవం కలిగింది అక్కడే. ఎం.ఎస్.లో పొద్దున లేచే పాదం మధ్యాహ్నానికి లేవకపోవచ్చు. ఒంటి వేడి కాస్త పెరిగినా నరాల ప్రసారం ఇంకా కుంటుపడుతుంది. వ్యాయామం తరవాత ఎం.ఎస్. ఉన్నవాళ్ల చూపు కాసేపు మందగించడాన్ని విల్హెల్మ్ ఊతాఫ్ అనే జర్మన్ కంటివైద్యుడు 1890లోనే రాశాడు; దానికి కారణం ఒంటి వేడి అని తరవాత తేలింది. మన ఎండల్లో దాని అర్థం వేరే చెప్పాలా! పొద్దుటి నడకనే చూసి చేసిన బ్రేస్ సాయంత్రం నడిచే మనిషికి సరిపోదు.

తరవాత పాదాన్ని చేత్తో పట్టుకుని నెమ్మదిగా పైకి వంచారు. తేలిగ్గా వచ్చింది. అదే పని చటుక్కున చేశారు. సగంలో పిక్క బిగుసుకుని అడ్డుపడింది. వేగానికి ఎదురుతిరిగే ఆ బిగువునే స్పాస్టిసిటీ అంటారు. ఏ రకం బ్రేస్ అన్నది ఆ రెండు కదలికలతోనే సగం తేలిపోయింది.

మోకాలు వంచి కూర్చోబెట్టి, కాలికి పల్చటి బట్ట తొడుగు వేసి, ఎముకలు పొడుచుకొచ్చిన చోట్లన్నీ కాపీయింగ్ పెన్సిల్‌తో గుర్తుపెట్టారు. మీద పీఓపీ కట్టు. అది గట్టిపడే కొద్ది నిమిషాలూ పాదాన్ని సరైన కోణంలో కదలకుండా పట్టుకోవడమే అసలు నైపుణ్యం. అక్కడ మడమ పక్కకు ఒరిగితే ఆ ఒరుగుడు చివరిదాకా వెంట వస్తుంది. కట్టు కోసి తీశాక లోపలివైపు ఊదా గుర్తులు దిగి ఉన్నాయి. అందులో పీఓపీ పోసి తీసిన అచ్చు కాలి మీదికీ అవే గుర్తులు వచ్చాయి. చీలమండ ఎముకల దగ్గర, చిటికెనవేలి వైపు పాదం అంచున కొంచెం పీఓపీ కలిపారు. ఒత్తిడి తట్టుకునే మెత్తటి చోట ఆకురాయితో గీశారు.

పాలీప్రొపిలీన్‌ను బ్రేస్ కోసం ఎంచుకోవడానికి కారణముంది. 1954లో ఇటలీలో జూలియో నట్టా తయారుచేసిన ఈ ప్లాస్టిక్ ఎన్నిసార్లు వంగినా అంత తేలిగ్గా పగలదు. నాలుగు మిల్లీమీటర్ల షీటును సుమారు 180 డిగ్రీల వేడిలో పెడితే తెలుపు పోయి గాజులా పారదర్శకమవుతుంది. అప్పుడు బయటికి తీసి, తడి బట్ట ఆరేసినట్టు అచ్చు మీద పరిచి, వాక్యూమ్ పంపుతో గాలి లాగేస్తారు. తడబడటానికి వ్యవధి ఉండదు.

ఇక మిగిలింది అంచు కొయ్యడం. ప్లాస్టిక్ అంచు చీలమండ ఎముకలకు వెనకగా పోతే బ్రేస్ స్ప్రింగులా వంగుతుంది, ముందుకు వస్తే బిగుసుకుపోతుంది. మెత్తగా ఉంటే ఆవిడ పిక్క బిగువు దాన్ని ఓడిస్తుంది. గట్టిగా ఉంటే చీలమండలో మిగిలిన కాస్త బలమూ పనిలేక తగ్గిపోతుంది. ఆయన ముందు అంచును ఎక్కువగానే ఉంచి, నడిపించి చూసి, కొంచెం గీసి, మళ్లీ నడిపించారు. కోసిన ప్లాస్టిక్‌ను తిరిగి అతికించలేం కదా. చివరికి అంచు చీలమండ నడిబొడ్డున నిలిచింది. పై అంచు విషయంలోనూ అంతే పట్టింపు. మోకాలి కింద బయటివైపు గుండ్రంగా తగిలే ఎముక మెడను చుట్టుకుని పోయే నరమే పాదాన్ని పైకెత్తేది. బ్రేస్ దాన్ని నొక్కితే, ఉన్న బలహీనతకు ఇంకొకటి తోడవుతుంది. అందుకే రెండు సెంటీమీటర్ల కిందే ఆపేశారు. మెడికల్ షాపులో చిన్న, మధ్య, పెద్ద సైజుల్లో దొరికే రెడీమేడ్ బ్రేసుల్లో ఈ ఆలోచన ఉండే అవకాశమే లేదు. బిగువు ఉన్న కాలికి వాటిని సిఫారసు చేయడం నాకు నచ్చదు. ప్రొస్థెటిక్స్, ఆర్థోటిక్స్ చదివి భారత పునరావాస మండలిలో నమోదైనవాళ్ల దగ్గరికే వెళ్లాలి.

బ్రేస్‌లో మోకాలి కింది భాగం ఎంత ముందుకు వాలుతుందన్నది చెప్పు మడమ ఎత్తును బట్టి ఉంటుంది. పాశ్చాత్య పుస్తకాల్లో మనిషి రోజంతా బూటుతోనే ఉంటాడు. మన ఇళ్లలో చెప్పులు గుమ్మం బయటే. మడమ ఎత్తున్న చెప్పుకు లెక్కేసిన బ్రేస్‌తో వట్టికాళ్లతో నడిస్తే మోకాలు వెనక్కి తన్నుకుపోతుంది. ఆయన “ఇంట్లో ఎలా నడుస్తారమ్మా, పూజగదిలోకి వెళ్తారా?” అని అడిగి, బయటి చెప్పుతో సమానమైన ఎత్తున్న వెనక పట్టీ చెప్పు ఒకటి ఇంటికోసమే విడిగా పెట్టుకోమన్నారు. పూజగదిలో కుర్చీ వేసుకుని, బ్రేస్ విప్పి కూర్చోమన్నారు.

మొదటి వారం రోజుకు గంటతో మొదలుపెట్టి పెంచమన్నారు. విప్పిన ప్రతిసారీ చర్మం చూసుకోమన్నారు. ఎర్రటి గుర్తు అరగంటలో పోకపోతే మళ్లీ తీసుకురావాలి. స్పర్శ తగ్గిన కాలికి ఒరిపిడి తెలియదు, కంటితోనే కనిపెట్టాలి.

తుంటి నొప్పి బ్రేస్ తొడిగిన రోజే పోలేదు. నడుమును ఎగదీసే అలవాటు మాన్పించడానికీ, తుంటి పక్క కండరాలకు బలం తేవడానికీ ఫిజియోథెరపీ నెలల పాటు సాగింది. ముందు తగ్గింది ఎడమ తుంటి నొప్పి.