పట్టుబడి రోజున నీళ్లెటు?

రొయ్యల చెరువు గట్టు మీద ఇద్దరు కలిస్తే కౌంట్ ఎంత, కరెంటు ఉందా అని అడుగుతారు. బయోఫ్లాక్ మొదలుపెట్టాక నేను ఇంకోటి అడుగుతున్నాను: కోనులో ఎంత దిగింది? లీటరు నీళ్లు కోనులో పోసి కాసేపు కదపకుండా ఉంచితే గోధుమరంగు మడ్డి అడుక్కి చేరుతుంది. అది 10, 15 మిల్లీలీటర్లుంటే నాకు నిశ్చింత. అంతకు మించితే మొప్పలకు పడుతుందని భయం.

ఫ్లాక్ అనే ఆ మడ్డిలో ఉన్నది ప్రధానంగా బ్యాక్టీరియా. మేతలోని నత్రజనిలో రొయ్య ఒంటికి పట్టేది సుమారు నాలుగో వంతు మాత్రమే. మిగిలిన దానిలో ఎక్కువ భాగం అమ్మోనియాగా నీళ్లలో చేరుతుంది. దాన్ని వదిలించుకోవడానికి ఇన్నాళ్లూ నీళ్లు మార్చాం. బయోఫ్లాక్‌లో నీళ్లు మార్చకుండా బెల్లం మడ్డో, తవుడో వేస్తాం. ఆ కార్బన్ దొరికితే బ్యాక్టీరియా అమ్మోనియాను తన ఒంటి ప్రోటీనుగా మార్చుకుంటుంది, రొయ్య దాన్ని మళ్లీ తింటుంది. ఇజ్రాయెల్ శాస్త్రవేత్త యోరామ్ అవ్నిమెలెక్ 1999లో ప్రకటించిన లెక్క ప్రకారం, 30 శాతం ప్రోటీనున్న కిలో మేతకు సుమారు 465 గ్రాముల పిండిపదార్థం కావాలి. ఫ్లాక్ కుదిరాక అంత వేయక్కర్లేదు, అమ్మోనియా చూసుకుని తగ్గించుకుంటాం. క్షారత మాత్రం తరిగిపోతూనే ఉంటుంది. సున్నమో, తినేసోడానో చేతిలో ఉండాలి.

రొయ్యతో పాటు బ్యాక్టీరియా కూడా ఊపిరి పీలుస్తుంది. అందుకే ఏరేటర్లు ఆగితే మామూలు చెరువు కన్నా త్వరగా రొయ్య తేలుతుంది. 2020లో వచ్చిన కేంద్ర పథకం మత్స్య సంపద యోజన బయోఫ్లాక్ యూనిట్‌కు 40 శాతం, మహిళలకూ ఎస్సీ, ఎస్టీలకూ 60 శాతం సాయం ప్రకటించింది. ఏరేటర్లు ఆగకుండా నడపడానికి నెలనెలా కరెంటు బిల్లూ, జనరేటర్ డీజిలూ మాత్రం మనమే పెట్టుకోవాలి.

ఇంత కష్టం దేనికి? అమ్మేవాళ్లు ఎక్కువ పిల్ల వదలొచ్చని చెబుతారు. నాకు మాత్రం నీళ్లు బయటికి వదలక్కర్లేకపోవడమే పెద్ద లాభం. మన నీళ్లు చివరికి చేరేది కొల్లేరు సరస్సుకే; బుడమేరు, తమ్మిలేరు కూడా అందులోకే దిగుతాయి. అక్కణ్ణుంచి సముద్రానికి ఉప్పుటేరే దారి. ఐదో కాంటూరు (ఎత్తు గీత) దాకా ఆ సరస్సు 1999లో అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది, 2006 నాటికి లోపలి చెరువుల గట్లు కొట్టేశారు. కాంటూరు బయట ఉన్నా మన డ్రెయిన్ వాలేది అటే. నేను వదిలిన నీళ్లనే దిగువ రైతు మోటారు తోడుతుంది. తెల్లమచ్చ వైరస్‌కు కూడా అదే దారి.

కానీ పంటకాలమంతా దాచిన మడ్డిని పట్టుబడి రోజున ఒక్కసారిగా డ్రెయిన్‌లోకి వదిలితే ఆ పుణ్యమంతా ఒక్క పూటలో పోతుంది. అందుకే పిల్ల లెక్క కన్నా ముందు, నీళ్లు నిలగట్టి మడ్డి దించడానికి ఓ గుంట లెక్క వేసుకోవాలి. జబ్బు రాని పంటైతే ఆ నీళ్లే తర్వాతి పంటకు తోడు నీళ్లవుతాయి. ఆ గుంటకు స్థలం లేకపోతే ఉన్న స్థలంలో పిల్లను తగ్గించుకోవాలి.