'చర్మవ్యాధులకు వాడతారు' అంటే సరిపోతుందా?

గిరిజన వైద్యం గురించి తెలుగులో వచ్చే వ్యాసాల్లో ఒక వాక్యం మాకు పదేపదే తగులుతోంది: 'దీనిని గిరిజనులు చర్మవ్యాధులకు వాడతారు.' మొక్క పేరు, శాస్త్రీయ నామం, ఆపైన ఈ ముక్క. ఏ గిరిజనులు, ఏ జబ్బుకు, ఎంత, ఎన్నాళ్ళు అన్నది ఉండదు.

మన ఊళ్ళలో చర్మవ్యాధి అని ఎవరంటారు? గజ్జి అంటారు, తామర అంటారు, సెగ్గడ్డ అంటారు. తామరకు తగిరిస గింజలు నిమ్మరసంతో నూరి పట్టిస్తారు (వానాకాలం కూర వండుకునే తగిరిసే). గజ్జికి కానుగ నూనె రాస్తారు. తామరకు కారణం బూజు జాతి, గజ్జికి కారణం చర్మంలో దూరే చిన్న పురుగు. అవ్వలు వేరు చేసి చూసిన రెండింటిని చదువుకున్న రచయిత ఒకటిగా కలిపేశాడు. నల్లజీడినీ ఇదే వరసలో రాసేస్తున్నారు. దాని రసం తగిలితే ఒళ్ళు బొబ్బలెక్కుతుందని మాత్రం రాయరు. అది చదివి ఏ పిల్లవాడైనా పూసుకుంటే?

మనవాళ్ళు రాసినవీ తక్కువేం కాదు. పసరు ముందు ఏ మందూ నిలవదన్నట్టు రాస్తున్నారు. ఆశ్రమ పాఠశాలలో ఒక్క పిల్లకు గజ్జి మందు రాసి, పక్కన పడుకునే పిల్లల్ని వదిలేస్తే అది తిరిగి వస్తుంది. అందరికీ ఒకే రోజు రాయాలి, బట్టలు, దుప్పట్లు మరిగే నీళ్ళలో వేయాలి. స్పర్శ తెలియని మచ్చకు పసరు రాస్తూ కూర్చోకూడదు. అది కుష్ఠు కావచ్చు, మందు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. అలాగని సంతలో కొన్న ట్యూబులన్నీ మంచివని కాదు. స్టెరాయిడ్ కలిసినవి దురదను అణిచి తామరను పాకిస్తాయి.

రాయడం మానేద్దామా అంటే అదీ కుదరదు. 1995లో పసుపుతో గాయం మాన్పడం మీద అమెరికాలో పేటెంటు ఇచ్చారు. మన సి.ఎస్.ఐ.ఆర్. పాత రాతలు, అచ్చయిన వ్యాసాలు చూపించి 1997లో దాన్ని రద్దు చేయించింది. నోటి మాట ఒక్కటే ఉంటే అక్కడ చెల్లేది కాదు.

కాబట్టి మందు చెప్పిన అవ్వ పేరు, ఊరు ఆమె ఒప్పుకుంటే రాయండి. ఆమె జబ్బును ఏమని పిలిచిందో ఆ మాటే రాయండి. కొందరు చెప్పరు. చెబితే మందు పనిచేయదని వాళ్ళ నమ్మకం. అక్కడ నోటుపుస్తకం మూసి, ఇచ్చిన అంబలి తాగి రావాలి.