బ్యాటరీ పోయిందనే ముందు

పాత కారవాన్‌లో తాళం తిప్పగానే సెల్ఫ్ మోటారు 'టక్' మని ఊరుకుంటే చుట్టూ ఉన్నవాళ్లు అనే మొదటి మాట "బ్యాటరీ పోయింది". చాలాసార్లు బ్యాటరీ బాగానే ఉంటుంది. అందులోని కరెంటు మోటారు దాకా వెళ్లే దారిలో ఎక్కడో తుప్పు పట్టి ఉంటుంది, ఎక్కడో నట్టు వదులై ఉంటుంది, ఎక్కడో తీగలో సగం పోగులు తెగి ఉంటాయి. ఆ దారిని అలాగే వదిలేసి కొత్త బ్యాటరీ పెడితే నెల తిరక్కుండానే అదే 'టక్' మళ్లీ వినపడుతుంది. పాత బండిలో కరెంటు పని అంటే ముందు కొలత, తర్వాతే కొనుగోలు.

ఇల్లులాంటి బండి అనగానే తెలుగువారికి గుర్తొచ్చేది చైతన్య రథం. 1982లో ఎన్టీఆర్ పాత షెవర్లే వ్యానును తన ప్రచారానికి తగ్గట్టు మార్పించుకుంటే, ఆయన కొడుకు హరికృష్ణ దాన్ని నడుపుతూ రాష్ట్రమంతా తిప్పారు. ఆ తర్వాత సినిమా షూటింగుల కారవాన్లు అందరికీ తెలిశాయి. లారీకీ ఈ బండ్లకూ ఉన్న అసలు తేడా ఒకటే. లారీకి ఇంజను ఆగితే కరెంటుతో పెద్దగా పని ఉండదు. ఇల్లులాంటి బండికి మాత్రం ఇంజను ఆగాకే దీపం, ఫ్యాను, నీళ్ల పంపు, ఫ్రిజ్ కావాలి. అందుకే ఇందులో బ్యాటరీలు రెండు రకాలు: ఇంజను లేపేది ఒకటి, ఇల్లు నడిపేది ఒకటి. మొదటిదాంట్లో పలుచని ప్లేట్లు ఎక్కువగా ఉంటాయి. వందల ఆంపియర్లు కొన్ని సెకన్లు ఇచ్చి, ఇంజను లేచాక మళ్లీ నిండిపోవడం దాని పని. రెండోదాంట్లో ప్లేట్లు మందంగా ఉంటాయి, కొద్ది కొద్దిగా గంటల తరబడి ఇస్తుంది. ఇళ్లలో ఇన్వర్టర్ పక్కన ఉండే ట్యూబ్యులర్ బ్యాటరీ ఈ రెండో కోవకు చెందిందే. ఒకదాని పని ఇంకొకదానికి అప్పజెబితే రెండూ త్వరగా దెబ్బతింటాయి.

జంషెడ్‌పూర్‌లోని బిష్టుపూర్‌లో ఇలాంటి పాత బండి కనిపిస్తే అది టాటా ఛాసిస్ మీద కట్టిందే అయ్యే అవకాశం ఎక్కువ. 1945లో రైలింజన్ల తయారీకి పుట్టిన టాటాల టెల్కో, 1954లో డైమ్లర్-బెంజ్‌తో కలిసి లారీలు మొదలుపెట్టింది ఈ ఊళ్లోనే. పెద్ద లారీ, బస్సు ఛాసిస్‌లలో కరెంటు చాలావరకు 24 వోల్టులు. అంటే రెండు 12 వోల్టుల బ్యాటరీలు సీరీస్‌లో ఉంటాయి. ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఉన్న ఈ పేటలోని తెలుగు కుటుంబాలు శ్రీకాకుళం, విశాఖ వైపు సొంతూళ్లకు బయలుదేరేది పండగలకో పెళ్లిళ్లకో. మిగతా రోజుల్లో ఇలాంటి బండి కదలదు. బ్యాటరీని వాడకం కంటే ఎక్కువగా పాడుచేసేది ఈ నిలబెట్టడమే. ఎండాకాలం ఇక్కడ వేడి 40 డిగ్రీలు దాటుతుంది, ఆ వెంటనే నాలుగు నెలల వాన. వేడికి బ్యాటరీలోని చార్జి తనంతట తానే తగ్గిపోతుంది, తేమకు కనెక్షన్లు తుప్పు పడతాయి.

వెతకడం బ్యాటరీ దగ్గరే మొదలుపెట్టాలి, అయితే మీటరుతో. ఇంజను ఆపి, దీపాలన్నీ ఆర్పి, కొన్ని గంటలు వదిలేశాక ఒక్కో బ్యాటరీని విడిగా కొలవాలి. 12.6, 12.7 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే దాదాపు సగం. 11.9 కంటే దిగితే ఖాళీ కిందే లెక్క. 24 వోల్టుల బండిలో రెండింటి మొత్తం మాత్రమే చూస్తే మోసపోతారు. ఒకటి 12.7, ఇంకొకటి 11.8 ఉన్నా మొత్తం 24.5 వస్తుంది, చూడ్డానికి ఫరవాలేదనిపిస్తుంది.

మూతలు తీయగల బ్యాటరీ అయితే హైడ్రోమీటరు ఇంకా నమ్మకమైన సాక్షి. ఆరు గదుల్లోనూ యాసిడ్ సాంద్రత 1.260 నుంచి 1.280 మధ్య ఉంటే బ్యాటరీ నిండుగా ఉంది. అన్నింటా సమానంగా 1.150 ఉంటే బాగా దిగిపోయింది, చార్జింగ్ పెడితే లేవవచ్చు. ఐదు గదుల్లో 1.250 ఉండి ఒక్క గదిలో 1.130 ఉంటే మాత్రం ఆ సెల్ పోయింది. ఇక ఎంత చార్జింగ్ పెట్టినా దండగే. నీళ్లు పోసిన వెంటనే చూసిన అంకెను లెక్కలోకి తీసుకోకూడదు. పైన తేలిన నీళ్లు యాసిడ్‌తో కలిసేదాకా అది తప్పే చెబుతుంది. తగ్గిన మట్టానికి పోయాల్సింది డిస్టిల్డ్ వాటరే. కొళాయి నీళ్లలోని క్లోరైడ్, ఇనుము బ్యాటరీని పాడుచేస్తాయి. యాసిడ్ కలిపితే బలం వస్తుందనుకోవడం పాత పొరపాటు. ఆవిరైపోయేది నీళ్లే, యాసిడ్ ఎక్కడికీ పోదు.

మీటరు చేతిలో లేనప్పుడు హెడ్‌లైట్లు కొంత చెబుతాయి. అవి వెలిగించి తాళం తిప్పాలి. దీపాలు ఏమాత్రం తగ్గకుండా వెలుగుతూనే ఉండి మోటారు కదలకపోతే, కరెంటు అసలు అటు వెళ్లడం లేదు: తాళం స్విచ్చో, సొలినాయిడో, దానికి వెళ్లే సన్న తీగో చూడాలి. దీపాలు మెల్లగా మసకబారి మోటారు మూలుగుతూ తిరిగితే బ్యాటరీ దిగి ఉంది, లేదా మోటారే బిగుసుకుంటోంది. దీపాలు ఒక్కసారిగా పూర్తిగా ఆరిపోయి, తాళం వదలగానే మళ్లీ వెలిగితే ముందుగా అనుమానించాల్సింది టెర్మినల్‌నే.

ఆ టెర్మినల్‌ను దగ్గరగా చూడాలి. పైకి కనిపించే తెల్లటి, నీలిపచ్చ పొడి అందరి కంటా పడుతుంది. అది యాసిడ్ ఆవిరి సీసాన్నీ రాగినీ తిన్నదాని గుర్తు. అంతకంటే గడుసు శత్రువు క్లాంపు లోపల ఉంటుంది. నట్టు వదులు చేసి క్లాంపును మెలితిప్పి పైకి లాగితే, సీసపు పోస్టు చుట్టూ నల్లగా, పొయ్యి మీది గిన్నె అడుగులా మాడిన పొర కనిపిస్తుంది. బయటినుంచి చూస్తే క్లాంపు బిగువుగానే ఉంటుంది, చేత్తో ఊపినా కదలదు. లోపల మాత్రం సీసానికి సీసం తగలదు. వేడి నీళ్లలో వంటసోడా కలిపి పోస్తే పొడి నురగలు కక్కుతూ కరిగిపోతుంది. ఆ నీళ్లు సెల్‌లోకి దిగితే యాసిడ్ పాడవుతుంది గనుక మూతలు బిగించి ఉండాలి. నల్లపొర మాత్రం నీళ్లకు లొంగదు. గరుకు కాగితంతోనో చాకు మొనతోనో సీసం వెండిలా మెరిసేదాకా గీకాలి, క్లాంపు లోపలి గోడను కూడా. బిగించాక పైన వాసెలిన్ రాయాలి. ముందే రాసి బిగించడం కంటే బిగించి రాయడం మేలు.

ఇంత చిన్న పొరకు ఇంత పట్టింపు ఎందుకో ఒక లెక్క చెబుతుంది. సెల్ఫ్ మోటారు 300 ఆంపియర్లు లాగుతోందనుకుందాం. క్లాంపు దగ్గర అడ్డు ఓములో నూరో వంతు ఉంటే చాలు, అక్కడే 3 వోల్టులు పోతాయి. ఆ ఒక్క చోట 900 వాట్ల వేడి పుడుతుంది, దాదాపు ఒక ఇస్త్రీ పెట్టె అంత. అందుకే రెండు మూడు సార్లు తాళం తిప్పి ఆపేశాక క్లాంపులను ఒక్కొక్కటిగా జాగ్రత్తగా తాకి చూస్తే, చెడ్డది వెచ్చగా తగులుతుంది.

ఇదే లెక్కతో దారినంతా కొలవవచ్చు. పాత బండి మరమ్మతులో ఇంతకు మించి పనికొచ్చే కొలత లేదు. మీటరు ఒక మొన సీసపు పోస్టు మీద, రెండోది దాని క్లాంపు మీద పెట్టి, ఇంకొకరిని తాళం తిప్పమనాలి. మంచి కనెక్షన్ అయితే మీటరు దాదాపు సున్నా చూపుతుంది. అర వోల్టు, ఒక వోల్టు కనిపిస్తే దొంగ దొరికినట్టే. అక్కడ లేకపోతే రెండో మొనను కేబుల్ లగ్గు మీదికి, మెయిన్ కటాఫ్ స్విచ్చు అవతలికి, సొలినాయిడ్ బోల్టు మీదికి జరుపుతూ పోవాలి. కరెంటు కదులుతున్నప్పుడు మాత్రమే ఈ కొలత పనిచేస్తుంది. కరెంటు కదలని తీగలో ఒక్క పోగు మిగిలినా మీటరు పూర్తి వోల్టులు చూపించి నమ్మిస్తుంది.

పాజిటివ్ వైపు వెతికినంత శ్రద్ధగా ఎర్త్ వైపు ఎవరూ వెతకరు. వెళ్లిన కరెంటు అంతా తిరిగి రావాల్సింది అటునుంచే. నెగెటివ్ పోస్టు నుంచి ఛాసిస్‌కు ఒక కేబుల్, ఇంజను నుంచి ఛాసిస్‌కు అల్లిక తీగ పట్టీ ఉంటాయి. ఇంజను అదురుకు ఆ పట్టీ పోగు పోగుగా తెగుతుంది, బోల్టు కింద రంగో తుప్పో పేరుకుంటుంది. ఇంటి బాడీ కథ వేరు. ఇనుప ఛాసిస్ మీద చెక్క, ప్లైవుడ్, అల్యూమినియం రేకులతో కట్టిన బాడీలో చాలా దీపాలకు ఎర్త్ ఒక స్క్రూ మాత్రమే. అది వదులైతే కరెంటు వేరే దారి వెతుక్కుంటుంది. బ్రేకు తొక్కితే ఇండికేటర్ మిణుకుమనడం, పంపు వేస్తే గదిలో దీపం తగ్గడం దీనికి గుర్తులు. స్క్రూలను నమ్ముకోకుండా ఇంటి వైపు ఎర్తులన్నింటినీ ఒక మందపాటి తీగతో నేరుగా బ్యాటరీ నెగెటివ్‌కు తేవడం శాశ్వతమైన మందు.

24 వోల్టుల పాత బండ్లలో ఒక అలవాటు బ్యాటరీలను నిలువునా చంపుతుంది. టేప్ రికార్డరు, ఫ్యాను, దీపాలు 12 వోల్టులవి కావడంతో, రెండు బ్యాటరీల్లో ఒకదాని నుంచి మాత్రం తీగ లాగుతారు. పని జరుగుతుంది. కానీ ఆ ఒక్క బ్యాటరీ రోజూ ఎక్కువ ఖాళీ అవుతుంది. ఇంజను నడిచేటప్పుడు ఆల్టర్నేటరు చూసేది రెండింటి మొత్తాన్నే. మొత్తం 28 దాటితే చాలనుకుంటుంది. అందులో ఒకటి 13 దగ్గర ఆకలితో ఉండి, రెండోది 15 దాటి ఉడుకుతున్నా దానికి తెలియదు. ఒకదాంట్లో నీళ్లు ఎప్పుడూ తగ్గిపోతుంటే, పక్కదాంట్లో ఎప్పుడూ చార్జి చాలకపోతుంటే బ్యాటరీ కంపెనీని తిట్టేముందు ఈ తీగ కోసం చూడాలి. 24 నుంచి 12 వోల్టులకు దించే కన్వర్టరు పెట్టి, రెండు బ్యాటరీల నుంచీ సమానంగా తీసుకోవడమే దీనికి దారి.

బ్యాటరీ మంచిదే, కనెక్షన్లు మంచివే, అయినా వారం నిలబెడితే దిగిపోతోందంటే ఎక్కడో కరెంటు కారుతోంది. నెగెటివ్ కేబుల్ విప్పి, మధ్యలో మీటరును ఆంపియర్ల మీద పెడితే అది కనపడుతుంది. 50 మిల్లీ ఆంపియర్లు చిన్న అంకెలాగే ఉంటుంది. రోజుకు 1.2 ఆంపియర్ అవర్ల చొప్పున 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో సగాన్ని అది ఆరు వారాల్లో తాగేస్తుంది. ఫ్యూజులు ఒక్కొక్కటి పీకుతూ పోతే ఏది తీసినప్పుడు అంకె పడిపోతుందో ఆ లైనులో తప్పుంది. ఏది తీసినా పడకపోతే ఆల్టర్నేటరు తీగ విప్పి చూడాలి, దాని డయోడు లీకవుతుండవచ్చు. మీటరు అలా ఉన్నప్పుడు తాళం మాత్రం తిప్పకూడదు. ఆ కరెంటును అది మోయలేదు.

చార్జింగ్ వైపు పరీక్ష సులువే. ఇంజను కొంచెం పెంచి నడిపితే 12 వోల్టుల బండిలో 13.8 నుంచి 14.4, 24లో 27.6 నుంచి 28.8 రావాలి. ఇంటి బ్యాటరీ దగ్గర కూడా దాదాపు అంతే కనిపించాలి. మధ్యలో పాతకాలపు డయోడు ఐసొలేటరు ఉంటే అదే సుమారు 0.7 వోల్టు మింగుతుంది, ఆ బ్యాటరీ ఎప్పటికీ నిండదు. సన్న తీగలదీ అదే పాపం. ఫ్రిజ్ 10 ఆంపియర్లు లాగుతూ పది మీటర్ల దూరంలో ఉంటే, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో వెళ్లి రావడానికి దాదాపు ఒకటిన్నర వోల్టు పోతుంది. 10 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే అది 0.4 కంటే తగ్గుతుంది. బయటి నుంచి 230 వోల్టుల లైను తెచ్చుకునే బండిలో ఎర్త్ పిన్ను పనిచేయాలి, కరెంటు లీకైతే లైను తెంచే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. చుట్ట విప్పని ఎక్స్‌టెన్షన్ తీగ వేడెక్కి కరుగుతుంది. 230 వోల్టుల వైపు లోపల చేయి పెట్టడం ఎలక్ట్రీషియన్ పని.

ఏ పనికైనా ముందు విప్పాల్సింది నెగెటివ్, చివర బిగించాల్సింది కూడా నెగెటివే. పాజిటివ్ విప్పుతున్న పానా బాడీకి తగిలితే, నెగెటివ్ విప్పి ఉన్నప్పుడు ఏమీ జరగదు. విప్పకపోతే ఆ పానా ఎర్రగా కాలుతుంది. చేతి ఉంగరం, గడియారం తీసి పక్కన పెట్టాలి. చార్జింగ్‌లో ఉన్న బ్యాటరీ హైడ్రోజన్ వదులుతుంది. గాలిలో అది 4 శాతం చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే వేరే బండి నుంచి కరెంటు తీసుకునేటప్పుడు ఆఖరి క్లిప్పును దిగిపోయిన బ్యాటరీ మీద కాకుండా, దానికి దూరంగా ఇంజను ఇనుము మీద పెడతారు. 24 వోల్టుల లారీ నుంచి 12 వోల్టుల బండికి తీగ కలపనే కూడదు.

బండి నిలిపి ఉంచే నెలల్లో మెయిన్ కటాఫ్ తిప్పేసి, నెలకోసారి చార్జరు పెట్టి 12.4 కంటే దిగకుండా చూస్తే ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడదు. అలా గట్టిపడితే తర్వాత ఎంత చార్జింగ్ పెట్టినా పూర్తిగా కరగదు. నిలబెట్టిన బండ్లలో బ్యాటరీలు తరచుగా పోయేది ఇలాగే.

ఇంత చూశాక కూడా సెల్ నిజంగా పోయిందని తేలితే, 24 వోల్టుల బండిలో రెండు బ్యాటరీలనూ కలిపే మార్చాలి, ఒకే రకానివి, ఒకే సామర్థ్యానివి. పాతదాని పక్కన కొత్తది పెడితే పాతది కొత్తదాన్ని తనతో లాక్కుపోతుంది. బిగించిన తేదీని డబ్బా మీద పెయింటుతో రాయాలి. పాతవాటిని యాసిడ్‌తో సహా, నిలువుగా నిలబెట్టి, అమ్మిన దుకాణానికే ఇవ్వాలి. 2001 నాటి బ్యాటరీల నిబంధనలు డీలరు వాటిని వెనక్కి తీసుకోవాలన్నాయి, 2022లో వచ్చిన కొత్త నిబంధనలు వాటి సేకరణ, పునర్వినియోగాల బాధ్యతను తయారీదారుల మీద పెట్టాయి. ఆ సీసం కరిగి మళ్లీ బ్యాటరీ అవుతుంది. యాసిడ్‌ను పెరటి కాలువలో ఒంపితే అది చేరేది ఖర్కాయి నదిలోకే.