శోధన యంత్రములో మూకుమ్మడి చేర్పు – ఒక విమర్శ

అరకు లోయ ప్రాంతపు కొండదొరలలో కొందరు మాట్లాడు భాషకు ‘కొండ’ లేక ‘కూబి’ అని పేరు. భద్రిరాజు కృష్ణమూర్తి 1969లో వెలువరించిన గ్రంథములో ఆ భాషలోని కథనములు, వ్యాకరణము, పదపట్టిక కలవు. ఇట్టి పదసంపదను శోధన యంత్రమున కందించినచో, ఏ మాట ఏ పత్రములో నున్నదో తెలుపు సూచికను అది తయారుచేయును. అయితే పత్రములను ఒక్కొక్కటిగా పంపుట మేలా, కట్టలు కట్టి మూకుమ్మడిగా పంపుట మేలా?

2010లో వెలువడిన ఎలాస్టిక్‌సెర్చ్ అను శోధన సాధనపు మార్గదర్శిని మూకుమ్మడి పద్ధతినే మెచ్చుకొనుచున్నది. కారణము స్పష్టమే. మామూలు ఏర్పాటులో యంత్రము తనకు వచ్చినదానిని వర్తకుల చిట్టా వంటి దానిలో వ్రాసికొని, ఆ వ్రాత డిస్కునకు ఎక్కినదని రూఢి చేసికొన్న తరువాతనే జవాబిచ్చును. పత్రములను విడిగా పంపినచో ఈ శ్రమయు, రాకపోకల కాలమును ప్రతిదానికి వేరువేరుగా పట్టును. కట్టగా పంపినచో అవి అన్నిటికి పంచబడును. ఒక్కొక్క కాఫీ బస్తాకు ఒక్కొక్క లారీని అరకు ఘాటు రోడ్డు దింపు వర్తకు డుండడు గదా!

కాని కట్ట పెద్దదైనకొలది వేగము పెరుగుచునే యుండదు. మితిమీరిన కట్ట యంత్రపు జ్ఞాపకస్థానమునకు భారమగును. అందుచేత 100 పత్రములతో మొదలిడి, 200, 400 అని రెట్టింపు చేయుచు, వేగము పెరుగుట ఆగినచోట నిలువుమని మార్గదర్శిని చెప్పుచున్నది. ఇది మెచ్చదగిన సలహా. సంఖ్యను శాసింపక ప్రయోగమును నేర్పుచున్నది.

చిక్కంతయు జవాబులో నున్నది. విడిగా పంపిన పత్రమును యంత్రము తిరస్కరించినచో ఆ సంగతి వెంటనే తెలియును. 400 పత్రముల కట్టలో మూడింటిని తిరస్కరించినను, మొత్తము అభ్యర్థనకు ‘సఫలము’ అను గుర్తే వచ్చును. ఆ మూడింటి సంగతి జవాబు లోపల వ్రాసియుండును, చదివినవారికే తెలియును. వేగమునే చూచువారు దానిని చదువరు. లక్షల వార్తలలో మూడు జారిపోయిన లోటు కనబడకపోవచ్చును. వ్రాతలు తక్కువగా నున్న భాషలో మూడు మాటలు జారిపోయిన, వెదకిన విద్యార్థి అవి ఆ భాషలోనే లేవనుకొనును.

కనుక ఈ పద్ధతులను పోల్చునపుడు నిమిషమునకు ఎన్ని పత్రములు పంపితిమని గాక, పంపినవానిలో ఎన్ని చేరినవని లెక్కింపవలెను. కోశమును తొలుత నిర్మించుటకు మూకుమ్మడి పద్ధతియు, పిదప ఒక మాటను దిద్దుటకు విడి పద్ధతియు తగియున్నవి. జవాబును చదువని వేగము మాత్రము దేనికిని తగదు.